నాన్న వేసిన టేకు తోట: ఇప్పుడే అమ్మాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా?

ధర్మపురి_అమ్మాయి
అందరికీ నమస్కారం. మాది జగిత్యాల జిల్లా. 2000 వానాకాలంలో నాన్న రెండెకరాల చెల్కలో టేకు స్టంపులు (పైకొమ్మ, వేళ్లు కత్తిరించిన నారు మొక్కలు) పెట్టించారు. ఆ నేలలో మక్క కూడా సరిగ్గా పండేది కాదు, బావి నీళ్లు అందేవి కావు. రెండు మీటర్లకు ఒకటి చొప్పున ఎకరానికి వెయ్యి పెట్టారట. మొదటి రెండేళ్లలో చాలా ఎండిపోయాయి. కొన్నిటిని పశువుల కొట్టం వాసాలకు నాన్నే తీశారు. మొన్న నడుస్తూ లెక్కపెడితే 640 మిగిలాయి.

నాన్న పోయి రెండేళ్లయింది. అమ్మ ఒక్కతే ఊర్లో ఉంటుంది. నేను హైదరాబాద్‌లో, తమ్ముడు బెంగళూరులో. దసరాకు వెళ్లినప్పుడు ఒక వ్యాపారి వచ్చి తోట మొత్తం గుత్తగా 16 లక్షలకు అడిగాడు. పర్మిషన్లు, కోత, లారీ అన్నీ తనే చూసుకుంటాడట. రెండు లక్షలు అడ్వాన్స్ తీసి మంచం మీద పెట్టాడు. అమ్మ ముట్టుకోలేదు, "పిల్లలను అడగాలె" అంది. తమ్ముడికి ఫ్లాట్ కొనాలని ఉంది, అమ్మేద్దాం అంటున్నాడు. నాకు ఆ 16 లక్షలు ఎక్కువో తక్కువో కూడా తెలియదు. ఇలాంటి నిర్ణయం తీసుకున్నవాళ్లు దయచేసి చెప్పండి.

కొత్తగూడెం_రైతు
అమ్మా, అడ్వాన్స్ తీసుకోకపోవడం మీ అమ్మగారు చేసిన చాలా మంచి పని. నా సంగతి చెబుతాను.

2017లో మా గట్ల మీద, చేను చివర కలిపి 210 టేకు చెట్లుండేవి. గుత్తగా ఆరు లక్షలకు మాట్లాడుకున్నాం. లక్షన్నర అడ్వాన్స్ ఇచ్చాడు, మిగతాది మూడు వాయిదాల్లో అన్నాడు. మొదటి పది రోజుల్లో లావుగా, నిటారుగా ఉన్న తొంభై చెట్లు కొట్టి రెండు లారీలు పంపాడు. తర్వాత ఫోన్ ఎత్తలేదు. వంకరవి, సన్నవి నాకే మిగిలాయి. వాటిని విడిగా కొనడానికి ఎవరూ రాలేదు. మంచి చెట్లు పోయాక తోటకు బేరం ఉండదు. రవాణా పర్మిట్ నా పేరు మీదే ఉంది కాబట్టి, ఆఫీసులో ఏ ప్రశ్న వచ్చినా నేనే వెళ్లి నిలబడాల్సి వచ్చింది.

అందుకే చెబుతున్నా. ప్రతి చెట్టుకూ నంబరు వేయండి. ఏ నంబరు ఎప్పుడు కొడతాడో కాగితం మీద రాసుకోండి. లారీ కదిలేలోపు ఆ లారీలో ఉన్న కలప డబ్బు మీ ఖాతాలో పడాలి.

రిటైర్డ్_బీట్
నేను అటవీ శాఖలో 31 ఏళ్లు పనిచేశాను, ఎక్కువ కాలం జన్నారం వైపు. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

16 లక్షలు ఎక్కువా తక్కువా అని మమ్మల్ని అడిగితే ఎవరమూ చెప్పలేం. మీ తోటలో ఎంత కలప ఉందో మీకు తెలియాలి. వ్యాపారికి తెలుసు. అతను తోటలో ఒక రౌండ్ తిరిగినప్పుడే కళ్లతో కొలిచేసి ఉంటాడు.

ఒక దర్జీ టేపు, ఒక నోటు పుస్తకం, సుద్దముక్క చాలు. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో చెట్టు చుట్టుకొలత తీసుకోండి. కలప వ్యాపారంలో వాడేది హోపస్ లెక్క: చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకుని నాలుగుతో భాగించండి, వచ్చినదాన్ని దానితోనే గుణించండి, అడుగుల్లో పొడవుతో గుణించి 144తో భాగించండి. ఘనపుటడుగులు వస్తాయి, వ్యాపారంలో వాటినే ఉత్త "అడుగులు" అంటారు. పది అడుగుల దుంగ చుట్టుకొలత 24 అంగుళాలైతే రెండున్నర అడుగులు. అదే 48 అంగుళాలైతే పది అడుగులు. లావు రెండింతలైతే కలప నాలుగింతలు. చెట్టు పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి కొట్టాక దుంగ మధ్యలో తీసే కొలత తగ్గుతుంది, అది మనసులో పెట్టుకోండి. బెరడు కూడా చూసుకోండి. అర అంగుళం మందం బెరడు తీస్తే చుట్టుకొలతలో మూడు అంగుళాలు పోతుంది. బెరడుతో కొలుస్తారా, తీసి కొలుస్తారా అన్నది ముందే తేల్చుకోవాలి.

ఇంకో విషయం. హోపస్ లెక్కలో అసలు దుంగలో ఉన్న కలప కంటే సుమారు ఐదో వంతు తక్కువ వస్తుంది. అది మోసం కాదు, కోతలో పోయేదానికి వదిలే పద్ధతి. కానీ మీ బంధువు ఎవరో హైదరాబాద్ కలప డిపోలో కోసిన సైజు చెక్క రేటు విని "అడుగు మూడు వేలు పలుకుతోంది" అంటే, దానితో మీ దుంగ రేటు పోల్చుకోకండి. సన్న దుంగ కోస్తే సగం దాకా పొట్టుకూ పక్క చెక్కలకూ పోతుంది.

ఇక కాగితాలు. ముందు ఒకటి అడుగుతాను: పాస్‌బుక్ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉందా? ఉంటే ఫౌతి (చనిపోయినవారి భూమిని వారసుల పేరుకు మార్చడం) చేయించకుండా ఒక్క కొమ్మ కూడా కొట్టకండి. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద పట్టా భూమిలో చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి. టేకు దుంగను ఊరు దాటించాలంటే రవాణా పర్మిట్ కావాలి. పట్టాదారు దరఖాస్తు పెట్టుకుంటే అటవీ రేంజ్ ఆఫీసు నుంచి తనిఖీకి వస్తారు, చెట్లు మీ హద్దులోనే ఉన్నాయా చూస్తారు, కొట్టిన దుంగలకు నంబరు వేసి సుత్తి ముద్ర కొడతారు. మీ చేను అడవిని ఆనుకుని ఉంటే సర్వే పక్కాగా ఉండాలి. "అన్నీ నేనే చూసుకుంటా" అనే వ్యాపారి చేతికి సంతకం పెట్టిన ఖాళీ కాగితం మాత్రం ఇవ్వకండి. పక్క చేలో చెట్లు కూడా మీ పర్మిట్ మీద ఎక్కిస్తే జవాబు చెప్పాల్సింది మీరే.

ధర్మపురి_అమ్మాయి
పాస్‌బుక్ నాన్న పేరు మీదే ఉందండీ. ఈ మాట ఆ వ్యాపారి అసలు ఎత్తలేదు. రేపే తమ్ముడితో మాట్లాడతాను. చాలా థాంక్స్.

ఒంగోలు_సుబాబుల్
మాది ప్రకాశం జిల్లా. మాకు సుబాబుల్, జామాయిల్. మూడు నాలుగేళ్లకు కోత, టన్ను లెక్కన పేపరు మిల్లుకు పోతుంది. మళ్లీ మొదలు నుంచి పిలకలు వస్తాయి. కొట్టిన రోజే తూకం వేయించుకోవాలి. ఆరేకొద్దీ బరువు తగ్గి డబ్బు పోతుంది. టేకుకు ఆ తొందర లేదు. ఏడాది ఆగినా చెట్టు నిలబడే ఉంటుంది. వ్యాపారి "ఈ వారమే చెప్పాలి" అంటే టెన్షన్ పడకండి.

మెట్‌పల్లి_వడ్రంగి
అక్కా, మాది మీ పక్క ఊరే అనుకో. నేను దర్వాజాలు చేస్తాను. పాతికేళ్ల టేకు రోజూ నా చేతుల మీదుగా పోతుంది.

36 అంగుళాల చుట్టుకొలత అంటే అడ్డంగా పదకొండున్నర అంగుళాలు. బెరడు, తెల్లచెక్క తీసేస్తే ఎనిమిది తొమ్మిది అంగుళాల చేవ మిగులుతుంది. అందులో దర్వాజా చట్రానికి ఐదంగుళాలకు మూడంగుళాల సైజు ముక్కలు వస్తాయి. 24 అంగుళాల చెట్టులో చేవ చాలా తక్కువ, మిగతాదంతా తెల్లచెక్కే. దానికి పురుగు పడుతుంది, ఇంటి యజమాని నన్ను తిడతాడు. అందుకే లావు దుంగకు అడుగు రేటే వేరు. సన్నదాని రేటుతో పోలిస్తే రెండింతలు పెట్టి కొన్న రోజులున్నాయి. మీ దగ్గర సన్నవీ లావువీ కలిపి ఒకే గుత్త కట్టాడంటే, లావు చెట్లు సన్న చెట్ల రేటుకు అడిగాడని అర్థం.

బర్మా 2014లో దుంగల ఎగుమతి ఆపేసింది. డిపోల్లో ఇప్పుడు ఆఫ్రికా, దక్షిణ అమెరికా టేకు చాలా కనిపిస్తుంది. అయినా మన దిక్కు నిటారు చెట్టుకు గిరాకీ పోలేదు. ముడులు లేని పది అడుగుల మొదలు దుంగ దొరికితే నాకు పండగే.

బద్వేలు_మెట్ట
మాకు ఎర్రచందనం, పట్టా భూమిలోనే. టేకు వాళ్లు అదృష్టవంతులు. ఎర్రచందనం సహజంగా పెరిగేది మా శేషాచలం, పాలకొండలు, వెలిగొండల వైపే. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షల జాబితాలో ఉంది. మన చేలో మనం నాటిందే అయినా మొదటి నుంచీ రికార్డు లేకపోతే అమ్మడం చాలా కష్టం. మొక్క నాటినప్పుడే పహాణీలో, అడంగల్‌లో రాయించుకోవాలి. మీ టేకు రికార్డులో నమోదై ఉందా చూసుకోండి. మా నాన్న రాయించలేదు, దానికి నేను నాలుగేళ్లు తిరిగాను.

డాలస్_నుంచి
నేను బ్యాంకు ఉద్యోగిని, కాబట్టి లెక్కే రాస్తాను. 30 అంగుళాల చెట్టు 36 అంగుళాలైతే కలప 44 శాతం పెరుగుతుంది. దానికి ఐదేళ్లు పడితే ఏడాదికి ఏడున్నర శాతం, పదేళ్లు పడితే నాలుగు శాతం కూడా రాదు. మొదటిది ఫిక్స్‌డ్ డిపాజిట్ కంటే మెరుగు, రెండోదానికంటే బ్యాంకే నయం. లావు పెరిగితే అడుగు రేటూ పెరుగుతుందని పైన వడ్రంగి అన్న చెప్పారు కదా, అది ఈ లెక్క మీద అదనం. అంటే మీ చెట్లు ఏడాదికి ఎంత లావవుతున్నాయో తెలిస్తే సగం ప్రశ్న తీరుతుంది. అది ఎలా తెలుసుకోవాలో రిటైర్డ్ బీట్ గారు చెప్పాలి.

రిటైర్డ్_బీట్
మంచి ప్రశ్న. తోటలో నాన్నగారు వాసాలకు కొట్టిన మోళ్లు ఉంటే ఒకదాన్ని రంపంతో పైపొర కోయించి నీళ్లు చల్లి చూడండి. టేకులో ఏటి వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి. మొదట్లో పెన్సిల్ మందం ఉన్న వలయాలు చివరికొచ్చేసరికి గోటి మందానికి తగ్గితే, చెట్లు ఒకదానికొకటి అడ్డుపడుతున్నాయని అర్థం. ఎకరానికి మూడు వందల పైన చెట్లంటే మీ తోట ఇప్పటికే ఇరుకు. తల ఎత్తి చూడండి, కొమ్మలు ఒరుసుకుంటూ ఆకాశం కనిపించకపోతే పెరుగుదల ఆగిపోయినట్టే.

అందుకే "అమ్మాలా వద్దా" అనే ప్రశ్నను నేను వేరేగా అడుగుతాను: ఏ చెట్లు అమ్మాలి? శాఖ ప్లాంటేషన్లలో మేం చేసేది అదే. వంకరవి, అణగారినవి, రెండు మంచి చెట్ల మధ్య ఇరుక్కున్నవి తీసేస్తాం. మిగిలినవాటికి వెలుతురు వస్తుంది, అవి మళ్లీ లావెక్కుతాయి. కేరళ నీలంబూర్‌లో 1840ల్లో నాటిన టేకు ఇంకా నిలబడి ఉంది. మీరు అంత ఆగక్కర్లేదు, పదేళ్లు ఆగగలిగితే చాలు. వ్యాపారి ఎప్పుడూ మంచివే ముందు కావాలంటాడు. మీరు మాత్రం చెడ్డవి ముందు తీయాలి. దానికి రేటు తక్కువ పలుకుతుంది, బాధపడకండి.

కోరుట్ల_టీచర్
నేను అవతలి వైపు చెబుతాను. మేం 2019లో ఎకరం టేకు మొత్తం కొట్టించేశాం. అమ్మాయి మెడిసిన్ ఫీజుకు. ఇంకో పదేళ్లు ఆగితే ఎక్కువ వచ్చేదేమో, కానీ ఫీజు పదేళ్లు ఆగదు కదా. ఇప్పుడు తను హౌస్ సర్జన్. ఒక్క రోజు కూడా బాధపడలేదు. మూడు డిపోల వాళ్లను పిలిచి కొలత మీదే అమ్మాం. మొదట అడిగినవాడికీ చివరికి ఇచ్చినవాడికీ మధ్య తేడా లక్షా ఎనభై వేలు. మోళ్ల నుంచి పిలకలు వస్తే మోడుకు ఒకటి ఉంచి మిగతావి తీసేశాం, అవి ఇప్పుడు నా తలకంటే చాలా ఎత్తు. అవసరం నిజమైనదైతే అమ్మడంలో తప్పు లేదు. మీ తమ్ముడి ఫ్లాట్ సంగతి కూడా తేలిగ్గా తీసేయకండి. ఆ చెట్లలో తనకూ వాటా ఉంది.

ఎండాకాలం నిప్పు సంగతి కూడా ఆలోచించండి. టేకు ఆకు రాలాక మోకాలి లోతు ఉంటుంది. మా పక్కాయన తోటకు ఒక ఏప్రిల్‌లో బీడీ నిప్పు అంటుకుంది. చెట్లు చావలేదు గానీ మొదళ్లు కమిలి కింది దుంగలు పనికిరాకుండా పోయాయి. ఆపాలనుకుంటే ఏటా ఫిబ్రవరిలో హద్దు చుట్టూ ఆకు ఊడ్పించాలి. ఒంటరిగా ఉన్న అమ్మకు ఆ పని ఎవరు చేసిపెడతారు?

పన్ను_సందేహం
అమ్మితే ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టాలా?

డాలస్_నుంచి
దున్ని, నాటి, సాకిన చెట్లయితే వ్యవసాయ ఆదాయం, దానికి ఇన్‌కమ్ ట్యాక్స్ నుంచి మినహాయింపు ఉంది. తనంతట తాను మొలిచిన అడవి చెట్లయితే కాదు. 1957లోనే సుప్రీంకోర్టు ఈ తేడా చెప్పింది. స్టంపులు కొన్న రసీదు, కూలీల లెక్క ఏదైనా ఉంటే దాచుకోండి. మీ ఆడిటర్‌కు ఒకసారి చూపించండి.

ధర్మపురి_అమ్మాయి
మూడు నెలల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. ఫౌతి అయింది, పాస్‌బుక్ అమ్మ పేరు మీదికి వచ్చింది.

సంక్రాంతి సెలవుల్లో ముగ్గురం కలిసి కొలిచాం. అమ్మ టేపు చుట్టింది, నేను రాశాను, తమ్ముడు సుద్దతో నంబరు వేశాడు. రెండున్నర రోజులు పట్టింది. 36 అంగుళాలు, ఆపైనవి 71. 28 నుంచి 36 లోపు 268. 28 కంటే తక్కువవి 301. బావి గట్టు మీద ఒక్క చెట్టు 51 అంగుళాలు ఉంది. దాని చుట్టూ ఏ చెట్టూ లేదు. రిటైర్డ్ బీట్ గారు చెప్పింది నాకు అక్కడ అర్థమైంది. అదే ఏడాది, అదే నాన్న చేత్తో పెట్టిన చెట్టు. తోట నడిమధ్య దాని తోటివి 22 దగ్గరే ఆగిపోయాయి.

మోడు కోయించి చూశాం. మొదటి తొమ్మిది వలయాలు ఒక్కోటి పెన్సిలంత మందం ఉన్నాయి. చివరి నాలుగు కలిపినా అంత లేవు.

వ్యాపారి మళ్లీ వస్తే అమ్మ పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. 19 లక్షలన్నాడు. తోట మొత్తం ఇవ్వం అని తమ్ముడే చెప్పాడు. వంకరవి, ఇరుక్కున్నవి 170 చెట్లకు ఎర్ర రంగు చుట్ట వేశాం. అవి మాత్రం కొలత మీద అమ్ముతాం. ముగ్గురు డిపో వాళ్లను పిలిచాం, ఇద్దరు వచ్చి చూసి వెళ్లారు. దానితో వచ్చేది తమ్ముడి డౌన్ పేమెంట్‌కు పూర్తిగా సరిపోదు. మిగతాది నేను సర్దుతానన్నాను. 71 పెద్ద చెట్లలో వాడి వాటా ఎంతో కాగితం మీద రాసుకున్నాం, అమ్మ సంతకం పెట్టింది.

ఆకు ఊడ్చే పని మా పాలేరు కొడుకుకు అప్పజెప్పాం. ఏటా కూలీ ఇస్తాం, తీసే కొమ్మలు, పుల్లలు అతనివే.

దరఖాస్తు పెట్టాం. తనిఖీకి తేదీ ఇంకా రాలేదు. ఒక సందేహం: ఆకు పూర్తిగా రాలాక కొట్టిస్తేనే మంచిదా, ఇప్పుడే అయినా ఫరవాలేదా?

రిటైర్డ్_బీట్
ఆకు రాలాకే మంచిదమ్మా. కొమ్మలు తేలికగా ఉంటాయి, పడేటప్పుడు పక్క చెట్లకు దెబ్బ తగలదు. ఉంచబోయే 470 మీకు ముఖ్యం. ఎటు పడాలో ముందే చూసుకుని, తాడు కట్టి కొట్టమనండి. తనిఖీ రోజు మీ నోటు పుస్తకం దగ్గర పెట్టుకోండి.