యాన్ యోహాన్సన్ ‘జాజ్ పో స్వెన్‌స్కా’: ఎల్పీ కొనాలా, సీడీ చాలా?

పాలవెల్లి: స్వీడన్ జాజ్ పియానో కళాకారుడు యాన్ యోహాన్సన్ 1964లో వెలువరించిన ‘జాజ్ పో స్వెన్‌స్కా’ (‘స్వీడిష్‌లో జాజ్’) ఆల్బమ్‌ను కొనాలనుకుంటున్నాను. పాత ఎల్పీ రికార్డు కోసం వెతకడం మంచిదా? దీని తరువాత ఏది వినాలో కూడా చెప్పగలరు.

ఉత్తరగాలి: స్టాక్‌హోమ్‌లో మధ్యాహ్నం మూడింటికే చీకటి పడిన నా మొదటి శీతకాలంలో, మొదటి పాట ‘వీసా ఫ్రోన్ ఊతన్‌మీరా’ను పియానో మీద నేర్చుకోవడానికి కూర్చున్నాను. స్వరాలు రెండు వారాల్లో పట్టుబడ్డాయి కానీ, పాదం చివర యోహాన్సన్ ఆగే చోట నా వేలు ప్రతిసారీ ముందే దిగిపోయేది.

నిక్కచ్చి: ‘స్వెన్‌స్కా లోతర్’ అనే జానపద బాణీల సంకలనం నుంచి తీసుకున్న పన్నెండింటిని ఇంచుమించు ఉన్నవి ఉన్నట్టే వాయించారు. మనోధర్మం ఇంత తక్కువగా ఉన్నదాన్ని జాజ్ అనడం నాకు సమ్మతం కాదు.

మంద్రస్థాయి: ఇరవై ఏళ్లుగా డబుల్ బాస్ (మంద్రంగా పలికే పెద్ద తంత్రీవాద్యం) వాయిస్తున్న వాడిగా చెబుతున్నాను, మీరు పియానో ఒక్కటే విన్నారు. డ్రమ్స్ లేని ఈ రికార్డులో యోర్య్ రీడెల్ బాస్ తాళం వేసి ఊరుకోదు. బాణీకి అడుగున తనదైన మరో బాణీ అల్లుతుంది. మనోధర్మం అక్కడుంది.

నిక్కచ్చి: మీ అనుభవాన్ని గౌరవిస్తాను, కానీ అది వాదనకు జవాబు కాదండీ. పల్లవిని విస్తరించకుండా వదిలేస్తే కచేరీ అంటామా?

మంద్రస్థాయి: అమెరికన్ జాజ్ శాక్సొఫోన్ దిగ్గజం స్టాన్ గెట్జ్‌తో కలిసి వాయించిన యోహాన్సన్‌కి విస్తరించడం రాక మానేశాడని అంటున్నారా? ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది. ఎంత వాయించకూడదో తెలిసిన చేయి అది.

చిన్నారితల్లి: మా పాప డేకేర్‌లో రోజూ పాడే పిప్పి పాటకు (పిల్లల కథల్లోని పిప్పి లాంగ్‌స్టాకింగ్ పాట) బాణీ కట్టినది కూడా ఈయనేనని తెలిసి ఆశ్చర్యపోయాను. 1968లో కచేరీకి వెళుతూ కారు ప్రమాదంలో మరణించేనాటికి ఆయన వయసు 37 ఏళ్లే. కొడుకులిద్దరూ మెటల్ సంగీతంలో పేరు తెచ్చుకున్నారు.

పాలవెల్లి: అయ్యా, నా ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఉత్తరగాలి: క్షమించండి. ‘ఫోల్క్‌వీసోర్’ అనే సీడీ తీసుకోండి. ఇదే ఆల్బమ్‌తో పాటు, రష్యన్ బాణీలతో ఆయన చేసిన ‘జాజ్ పో రీస్కా’ కూడా అందులోనే ఉంది.

నిక్కచ్చి: ఆ రష్యన్ బాణీలు విన్నాక మనోధర్మం సంగతి మళ్లీ మాట్లాడుకుందాం.