ఎయిర్ కూల్డ్ 1600 శాండ్ రైల్: ఫిన్స్ చుట్టూ నీళ్ళ జాకెట్టా, ఇంజనే మార్చాలా?

ఎడారి_బగ్గీ:
బండి రెండు సీట్ల శాండ్ రైల్ (ఇసుక దిబ్బల మీద తిరిగే, గొట్టాల ఫ్రేము బగ్గీ). ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ 1600 డ్యూయల్ పోర్ట్ ఇంజన్ (బోర్ 85.5, స్ట్రోక్ 69), సింగిల్ కార్బురేటర్, 009 రకం డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచేది), ఐఆర్ఎస్ (వెనక చక్రాలకి విడివిడి సస్పెన్షన్ ఉండే రకం) గేర్‌బాక్స్. ఉండేది అరిజోనాలో, ఎక్కువగా తిరిగేది కాలిఫోర్నియా వైపు ఇంపీరియల్ శాండ్ డ్యూన్స్‌లో.

గట్టి నేల మీద ఏ గొడవా లేదు. మెత్తటి ఇసుకలో సెకండ్ గేర్ మీద కాసేపు తొక్కితే చాలు, ఆయిల్ 125 డిగ్రీల సెల్సియస్, మూడో సిలిండర్ ప్లగ్గు కింద పెట్టిన సెన్సార్ 230. అక్కడ ఆపి ఐడిల్‌లో పెడితే ఆయిల్ లైటు మిణుకుమిణుకుమంటోంది.

అనుకుంటున్నది ఇదీ: బారెల్స్ (సిలిండర్ గొట్టాలు) మీద గాలికి చల్లబడే రెక్కల్లాంటి ఫిన్స్ లేత్‌లో చెక్కించేసి, చుట్టూ స్టీలు రేకుతో జాకెట్ వెల్డింగ్ చేయించి, ఎలక్ట్రిక్ పంపు, రేడియేటర్ పెట్టడం. హెడ్స్‌కి మాత్రం ఉన్న ఫ్యాన్ గాలే. ఇది నిలబడుతుందా? లేకపోతే నీళ్ళతో చల్లబడే ఇంజన్ ఏది పెడితే ఈ గేర్‌బాక్స్‌కి కూర్చుంటుంది?

మూడో_సిలిండర్:
జాకెట్ ఆలోచన వదిలేయండి. వేడి ఎక్కువగా పుట్టేది హెడ్‌లో, ఎగ్జాస్ట్ వాల్వు సీటు, పోర్టు చుట్టూ. మీరు నీళ్ళు పోస్తానంటున్నది బారెల్‌కి. సమస్య ఉన్న చోటుకి ఆ నీళ్ళు చేరనే చేరవు. పైగా బారెల్ పోత ఇనుము. పలచగా చెక్కి, దాని చుట్టూ స్టీలు వెల్డింగ్ చేస్తే బోర్ గుండ్రం పోతుంది, పోత ఇనుము వెల్డింగ్ పక్కనే పగుళ్ళు వేస్తుంది. ఆ పగులు లోపలికి తెరుచుకుంటే నీళ్ళు నేరుగా ఆయిల్‌లోకి. ఇంకోటి, బారెల్‌ని చల్లగా ఉంచి హెడ్‌ని వేడిగా వదిలేస్తే రెండూ ఒకేలా వ్యాకోచించవు, హెడ్డు కూర్చునే చోట లీకు మొదలవుతుంది.

ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళే ఈ పని చేసినప్పుడు ఏం చేశారో చూడండి. 1982లో టీ3 వ్యాన్‌కి వాసర్‌బాక్సర్ అనే నీళ్ళతో చల్లబడే ఇంజన్ తెచ్చారు. పాత బారెల్స్‌కి జాకెట్ తొడగలేదు. నీళ్ళ దారి కేసులోనే పోతపోసి, వెట్ లైనర్లు (చుట్టూ నేరుగా నీళ్ళు తగిలే సిలిండర్ గొట్టాలు) పెట్టి, హెడ్స్ కొత్తగా చేశారు. అంత చేసినా హెడ్డుకీ కేసుకీ మధ్య బయటివైపు ఉండే రబ్బరు ప్యాకింగ్ దగ్గర అల్యూమినియం తినేసి కూలెంట్ కారడం ఆ ఇంజన్‌కి పెద్ద చెడ్డపేరు.

ఇంజన్ మార్చే ముందు ఉన్న కూలింగ్ సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. 230 అంటే గాలి ఎక్కడో దారి తప్పుతోంది. ముందు క్రాంక్ పుల్లీ కొలవండి. ఒరిజినల్ వ్యాసం 175 మి.మీ. దగ్గర ఉంటుంది. రైల్స్‌లో చాలావాటికి 140 మి.మీ. ప్రాంతంలో ఉండే చిన్న ‘పవర్ పుల్లీ’ పెట్టి అమ్ముతారు. దాంతో ఫ్యాన్ వేగం అయిదో వంతు పడిపోతుంది. ఇసుకలో ఆర్‌పీఎం తక్కువ, లోడు ఎక్కువ ఉండే ఇంజన్‌కి అది విషమే.

తర్వాత బండి కిందకి దూరి బారెల్స్ అడుగున రేకులు ఉన్నాయా చూడండి. పుష్‌రాడ్ ట్యూబుల పైన, రెండు బారెల్స్ మధ్య కూర్చునే చిన్న రేకు ఉంటుంది. అది లేకపోతే ఫ్యాన్ గాలి ఫిన్స్‌ని చుట్టి రాకుండా నేరుగా కిందకి జారిపోతుంది. విప్పినవాళ్ళు పనికిరాని ముక్క అనుకుని పారేసేది దాన్నే. ఫ్యాన్ హౌసింగ్ పాతకాలంది అయితే ఆయిల్ కూలర్ లోపలే నిలబడి మూడో సిలిండర్‌కి వెళ్ళే గాలికి అడ్డం వస్తుంది. 1971 నుంచి వచ్చిన డాగ్‌హౌస్ రకంలో కూలర్‌ని బయటికి జరిపారు, మీకు కావాల్సింది అది.

009కి టైమింగ్ ఐడిల్‌లో కాదు, 3500 ఆర్‌పీఎం దగ్గర టైమింగ్ లైటు పెట్టి చూడాలి. మొత్తం అడ్వాన్స్ (పిస్టన్ పైకి చేరేలోపు ఎంత ముందు స్పార్క్ రావాలన్నది) 28–32 డిగ్రీలు, అంతకు మించొద్దు. ఫ్యాన్ బెల్టు బొటనవేలితో నొక్కితే 15 మి.మీ. దిగాలి. ఈ ఇంజన్‌లో ఆయిల్ రెండున్నర లీటర్లే, ఫిల్టర్ లేదు, జల్లెడ మాత్రమే. పంపు మూత నుంచి లైను తీసి ఫుల్ ఫ్లో ఫిల్టర్, 80 డిగ్రీల థర్మోస్టాట్, ఫ్యాన్ ఉన్న విడి ఆయిల్ కూలర్ పెడితే ఆయిల్ 100–110కి దిగొస్తుంది. హెడ్డు మాత్రం గాలితోనే దిగాలి. ప్లగ్గు కింద 190 దాకా నిశ్చింతగా ఉండొచ్చు. 220 దాటి నిలబడుతుంటే వాల్వు సీటు ఊడి పడే రోజు దగ్గర్లోనే ఉన్నట్టు.

ఫైనల్_ఇయర్:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. బాహా ఎస్‌ఏఈ ఇండియా అనే ఇంజనీరింగ్ విద్యార్థుల పోటీకి కాలేజీలో బగ్గీ చేస్తున్నాం, ఇంజన్ బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ 10 హెచ్‌పీ ఎయిర్ కూల్డ్. దానికి నీళ్ళ కూలింగ్ చేస్తే డిజైన్ మార్కులు వస్తాయా?

మూడో_సిలిండర్:
మార్కులు కాదు తమ్ముడూ, టెక్నికల్ ఇన్‌స్పెక్షన్‌లోనే ఆపేస్తారు. ఆ ఇంజన్‌ని మార్చడానికి రూల్స్ ఒప్పుకోవు. సీటు వెనక ఫైర్‌వాల్‌కీ ఇంజన్ గాలి లాక్కునే జాలీకీ మధ్య ఖాళీ వదలండి, ఎగ్జాస్ట్ వేడి తిరిగి ఆ జాలీలోకి రాకుండా చూడండి. మీకు చాలు.

ఎడారి_బగ్గీ:
పుల్లీ కొలిచాను, చిన్నదే. అడుగు రేకులు ఒకవైపు ఉన్నాయి, రెండోవైపు లేవు. రెండూ సరిచేస్తాను. కానీ పవర్ కూడా సరిపోవట్లేదు, ఎలాగూ ఇంజన్ మీద డబ్బు పెట్టాలి. పెట్టేదేదో నీళ్ళ ఇంజన్ మీదే పెడదామని. వాసర్‌బాక్సర్ మంచిదా, సుబారూనా?

టార్క్_రెంచ్:
రైల్‌కైతే నా ఓటు సుబారూ ఈజే22కి. వాసర్‌బాక్సర్ 2.1 అమెరికా మోడల్ 95 హెచ్‌పీ, పైగా ఇందాక చెప్పిన హెడ్ లీకు. ఈజే22 సుబారూ లెగసీ కారులో 130 హెచ్‌పీ, 2212 సీసీ, టార్క్ 185 న్యూటన్ మీటర్ల ప్రాంతం. అదీ మీదానిలాగే నాలుగు సిలిండర్ల బాక్సరే (సిలిండర్లు రెండు పక్కలకీ పడుకుని ఉండే రకం) కాబట్టి మీ ఫ్రేములో వెడల్పు సమస్య పెద్దగా రాదు. పుల్లీ వైపు నుంచి చూస్తే రెండు ఇంజన్లూ ఒకే దిక్కుకి తిరుగుతాయి. అందుకే గేర్‌బాక్స్‌లో క్రౌన్ వీల్ (చక్రాలకి తిప్పుడు అందించే పెద్ద పళ్ళచక్రం) తిప్పి బిగించే పని లేదు.

ఏడాది చూసి కొనండి. 1990–96 ఈజే22లో టైమింగ్ బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకి తగలవు, 1997 నుంచి తగులుతాయి. ఈజే25 పవర్ ఎక్కువే, కానీ హెడ్ ప్యాకింగ్‌లు పోయే ఇంజన్‌గా పేరు మోసింది. కొత్త ప్యాకింగ్‌లు వేసి హెడ్స్ ఫేసింగ్ చేయించకుండా దాన్ని ఇసుకలోకి తీసుకెళ్ళొద్దు. ఏది కొన్నా వైరింగ్, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్), సెన్సార్లు ఆ బండివే మొత్తంగా తీసుకోండి. సగం కోసిన వైరింగ్ చవగ్గా వస్తుంది, దాన్ని అతికించడానికి పట్టే టైముకి ఇంకో ఇంజన్ కొనొచ్చు.

గేర్‌బాక్స్‌కి కలపడానికి అడాప్టర్ ప్లేటు, దానికి సరిపోయే ఫ్లైవీల్ సెట్టుగా దొరుకుతాయి, కాలిఫోర్నియాలోని కెన్నెడీ వాళ్ళవి అందరికీ తెలిసినవే. ఆర్డర్ ఇచ్చేటప్పుడు 12 వోల్టుల బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్‌లో క్లచ్ చుట్టూ ఉండే గూడు) అని చెప్పండి, రింగ్ గేర్ 130 పళ్ళది రావాలి. క్లచ్ 200 మి.మీ., ప్రెషర్ ప్లేటు 1700 పౌండ్లది. డిస్క్ స్ప్లైన్లు ఫోక్స్‌వ్యాగన్ షాఫ్టువే అయి ఉండాలి, బిగించకముందే షాఫ్టు మీద జరిపి చూడండి. క్రాంక్‌కి ఫ్లైవీల్ బోల్టులు 8, 72 న్యూటన్ మీటర్లు. బెల్ హౌసింగ్ నట్లు 30 మాత్రమే, అది మెత్తటి లోహం, గట్టిగా లాగితే మరలు ఊడిపోతాయి.

బీటిల్ గేర్‌బాక్స్ 60 హెచ్‌పీ ఇంజన్ కోసం పుట్టింది. ఇసుకలో చక్రం జారుతుంది కాబట్టి ఈ టార్క్‌ని కొంతకాలం మోస్తుంది. జారుతున్న చక్రం ఒక్కసారిగా గట్టినేల అందుకున్నప్పుడే పళ్ళు పోయేది. గాల్లోకి లేచి పెడల్ వదలకుండా దిగే అలవాటుంటే 1976 తర్వాతి ఫోక్స్‌వ్యాగన్ బస్సు (వ్యాన్) 091 గేర్‌బాక్స్ వెతుక్కోండి, అడాప్టర్ కూడా దానికి సరిపడా తీసుకోండి.

సుబారూ సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) లోతెక్కువ, రైల్‌లో నేలకి దగ్గరగా వేలాడుతుంది. కోయించి పక్కలకి వెడల్పు చేయించాలి. కోసే ముందు పికప్ గొట్టం (పంపు ఆయిల్ పీల్చే గొట్టం) మూతి కింద బంకమట్టి ముద్ద పెట్టి సంప్ బిగించి తీయండి, ముద్ద ఎంత మందాన అణిగిందో అదే పాత గ్యాప్. పొట్టి చేశాక అంతే గ్యాప్ రావాలి. లోపల అడ్డరేకులు వేయించకపోతే దిబ్బ ఎక్కేటప్పుడు ఆయిల్ వెనక్కి పోయి పికప్ గాలి పీలుస్తుంది.

కార్బురేటర్‌కి వాడే పెట్రోల్ పంపు 0.2 బార్ ఇస్తుంది, ఇంజెక్షన్‌కి రెండున్నర నుంచి మూడు కావాలి. హై ప్రెషర్ పంపు, రిటర్న్ లైను, పంపుకి పెట్రోల్ తెగకుండా చూసే చిన్న సర్జ్ ట్యాంకు తప్పవు.

ఎడారి_బగ్గీ:
చాలా థ్యాంక్స్ అన్నా. రేడియేటర్ ముందు పెట్టాలా, సీట్ల వెనకా? హీటర్ నాకు అక్కర్లేదు, ఆ రెండు గొట్టాలకి బిరడాలు కొట్టేస్తే సరిపోతుందిగా?

రిలే_డబ్బా:
బిరడాలు కొట్టొద్దు! ఈ కన్వర్షన్లు ఉడికిపోవడానికి నంబర్ వన్ కారణం అదే. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ వేడి నీళ్ళు బయటికొచ్చే చోట ఉంటుంది. ఈజేలో అది పంపు లోపలికి పీల్చే వైపు, అడుగున ఉంటుంది. ఇంజన్ వేడెక్కిందని దానికి తెలిసేది హీటర్ లైనులోంచి తిరిగొచ్చే నీళ్ళ వల్లే. ఆ దారి మూసేస్తే థర్మోస్టాట్ చుట్టూ చల్లటి నీళ్ళే నిలబడతాయి, పైన హెడ్స్ ఉడుకుతున్నా అది తెరుచుకోదు. హీటర్ వద్దంటే ఆ రెండు గొట్టాల్నీ 16 మి.మీ. హోస్‌తో ఒకదానికొకటి కలిపేయండి. థర్మోస్టాట్ ఒరిజినల్‌దే కొనండి, 78 దగ్గర మొదలై 91కి పూర్తిగా తెరుచుకోవాలి. బయటి కంపెనీలవి కొన్ని చిన్నగా ఉండి తక్కువ నీళ్ళు వదులుతాయి.

రేడియేటర్ సీట్ల వెనక, గేర్‌బాక్స్ పైన, ఏటవాలుగా. ముందు పెడితే చక్రాలు లేపిన ఇసుక తింటుంది, పైపులు పొడవవుతాయి, దిబ్బ మీంచి ముక్కు దించితే మొదట పోయేది అదే. కాకపోతే వెనక గాలి సరిగ్గా అందదు, అందుకని ఫ్యాన్ల మీదే లెక్క వేయండి. గట్టిగా తొక్కినప్పుడు ఈ ఇంజన్ నీళ్ళలోకి 60 కిలోవాట్ల వేడి వదులుతుందనుకుందాం. రేడియేటర్‌లోంచి పోయే గాలి 40 డిగ్రీలు వేడెక్కుతుందనుకున్నా సెకనుకి 1.3 ఘనమీటర్ల గాలి కావాలి. ఫ్యాన్ డబ్బా మీద రాసే అంకె ముందు ఏ అడ్డూ లేనప్పటిది, రేడియేటర్ వెనక అందులో సగం వచ్చినా గొప్పే. కాబట్టి రేడియేటర్ వెనక నిలబడి గాలి లాగే 12 అంగుళాల ఫ్యాన్లు రెండు, రేడియేటర్ మొత్తాన్ని కప్పే రేకు కవరు, ఫ్యాన్ రెక్కలకీ ఫిన్స్‌కీ మధ్య కనీసం 50 మి.మీ. ఖాళీ. కవరు లేకుండా ఫ్యాన్‌ని నేరుగా ఫిన్స్‌కి బిగిస్తే ఆ గుండ్రం మేరకే చల్లబడుతుంది. ఒక్కో ఫ్యాన్‌కి విడిగా 40 ఆంపియర్ రిలే, 30 ఫ్యూజు, 4 చదరపు మి.మీ. వైరు. 95కి ఆన్, 88కి ఆఫ్. డ్యాష్‌లో చేతి స్విచ్ కూడా ఒకటి ఉంచండి.

రేడియేటర్‌ని ఫ్రేముకి నేరుగా బోల్టు వేయొద్దు. ఫ్రేము మెలి తిరిగినప్పుడల్లా ట్యాంకు వెల్డింగ్ మీద పడుతుంది, ఒక సీజన్లో చీలుతుంది. రబ్బరు బుష్‌ల మీద కూర్చోబెట్టండి.

పైపులు అల్యూమినియంవి, మలుపుల దగ్గర మాత్రమే రబ్బరు. పంపు పీల్చే వైపు పొడుగాటి మెత్తటి హోస్ వాడితే ఎక్కువ ఆర్‌పీఎంలో అది నొక్కుకుపోయి నీళ్ళు ఆగిపోతాయి. బండి ఆపి చూస్తే మళ్ళీ గుండ్రంగానే ఉంటుంది, తప్పు ఎక్కడుందో అంతుపట్టదు. గొట్టం చివర్లకి గట్టు లేపించండి, లేకపోతే ఎంత క్లాంప్ బిగించినా వేడి మీద హోస్ జారుతుంది.

మొత్తం సిస్టంలో అన్నిటికన్నా ఎత్తులో హెడర్ ట్యాంకు (కూలెంట్ నింపే, గాలి చేరే చిన్న ట్యాంకు) ఉండాలి. మూత 0.9–1.1 బార్. ఆ ప్రెషర్‌లో సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే 125 దాకా మరగదు. కుళాయి నీళ్ళు వద్దు, ఫీనిక్స్ వైపు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, పంపులో పొలుసు కడుతుంది. రెండు రంగుల కూలెంట్లు కలపొద్దు.

లెగసీలో 6 లీటర్ల ప్రాంతంలో పడుతుంది, మీ పైపులు, రేడియేటర్‌తో ఇంకా ఎక్కువ పట్టాలి. ముందే లెక్కేసుకుని, పోసింది కొలిచి పోయండి. లీటరు తక్కువ పడితే లోపల లీటరు గాలి ఉన్నట్టే. ఇంజన్ మీద అడ్డంగా వెళ్ళే నీళ్ళ గొట్టానికి బ్లీడ్ బిరడా ఉంటుంది, అది తెరిచి బుడగలు ఆగేదాకా నెమ్మదిగా పోయాలి. హోస్‌లు పిండుతూ 2000 ఆర్‌పీఎంలో నడిపి, కింది హోస్ వేడెక్కేదాకా ఆగండి. చల్లారాక మళ్ళీ నింపండి. రెండు మూడు సార్లు నింపాక కూడా ట్యాంకులో బుడగలు ఆగకపోతే అది చిక్కుకున్న గాలి కాదు, హెడ్ ప్యాకింగ్ పోయినట్టు.

చివరిగా గేజీ సంగతి. సెన్సార్ నీళ్ళలో ఉన్నంతసేపే నిజం చెబుతుంది. హోస్ ఊడి నీళ్ళన్నీ పోయాయంటే సెన్సార్ ఒట్టి ఆవిరిలో ఉంటుంది, ముల్లు కిందకి దిగుతుంది, బండి చల్లబడింది అనుకుని ఇంకా తొక్కుతారు. హెడర్ ట్యాంకులో లెవెల్ స్విచ్ పెట్టి దానికి బజర్ కలపండి.

ఎడారి_బగ్గీ:
లెవెల్ స్విచ్ ట్యాంకు అడుగున పెట్టాలా, మధ్యలోనా?

రిలే_డబ్బా:
సగం కన్నా కొంచెం కింద. మధ్యలో పెడితే దిబ్బ ఎక్కిన ప్రతిసారీ మోగుతుంది, విసుగొచ్చి మీరే వైరు పీకేస్తారు. రిలేకి మూడు సెకన్ల డిలే ఉన్నది దొరికితే ఇంకా మంచిది.