జువార్ సమాధులు: మట్టిలో కలిసే పేటికకు ఇంత చెక్కడం ఎందుకు?

ప్రశ్న:

పోయిన నెల పారిస్‌కు తూర్పున ఉన్న జువార్ అనే ఊరికి వెళ్లి, అక్కడి మఠానికి చెందిన సెయింట్ పాల్ నేలమాళిగను చూసి వచ్చాను. ఫ్రాంకులను, అంటే అప్పట్లో ఆ ప్రాంతాన్ని పాలించిన జర్మానిక్ జాతిని, మెరొవింజియన్ వంశపు రాజులు ఏలిన 7వ శతాబ్దంలో ఆ మఠం ఏర్పడింది. మఠానికి మొదటి అధిపతురాలైన థియోడెచిల్డ్ సమాధి రాతి మీద ఆల్చిప్పలు వరుసలుగా ఉన్నాయి. ఒక్కొక్క చిప్పలోని గాడి గీతలు కూడా విడివిడిగా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా చెక్కారు. వాటి మధ్య పెద్ద లాటిన్ అక్షరాలు సాగుతాయి. పక్కనే ఉన్న బిషప్పు అజిల్బర్ట్ పేటిక మీద క్రీస్తు మధ్యలో కూర్చుని ఉంటే, ఇరువైపులా మనుషులు రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నారు. ఆ చేతుల వరుస ఇంకా నా కళ్ల ముందే ఉంది.

అంతకు పూర్వపు ఫ్రాంకు రాజుల సమాధుల గురించి చదివినప్పుడల్లా బంగారం, కత్తులు, నగలు కనిపిస్తాయి గాని ఇలాంటి శిల్పం కనిపించదు. ఎలాగూ మట్టిలో కలిసే పేటికకు ఇంత పనితనం ఎందుకు? తల వైపు వెడల్పుగా, కాళ్ల వైపు సన్నగా ఉండే పేటికలను కూడా పారిస్‌లో చూశాను. ఆ ఆకారానికి కారణం ఏమిటో తెలిసినవారు చెప్పగలరు.

మొదటి జవాబు:

"మట్టిలో కలిసే పేటిక" అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగుదామండీ. మీరు చూసిన ఆ రెండు రాళ్లూ వచ్చేవారి కళ్లకు ఎదురుగా ఉండాలని చెక్కినవి. 481 ప్రాంతంలో మరణించిన ఫ్రాంకు రాజు చిల్డెరిక్‌ను ఇప్పటి బెల్జియంలోని టూర్నైలో పాతిపెట్టినప్పుడు, ఆయన పేరు చెక్కిన ఉంగరం కూడా ఆయనతోపాటే నేలలోకి వెళ్లింది. 1653లో ఆ సమాధి బయటపడేదాకా, అంటే దాదాపు 1170 ఏళ్లు, ఆ పేరును చదివినవారు లేరు. సెయింట్ డెనీ చర్చి కింద 1959లో దొరికిన అర్నెగుండ్ రాణి సంగతీ అంతే. పట్టుబట్టలూ నగలూ ఆమెతోపాటు రాతి పేటికలోనే ఉన్నాయి, ఆమె ఎవరో చెప్పినది కూడా వేలి ఉంగరమే. థియోడెచిల్డ్ దగ్గరకు వచ్చేసరికి పేరు ఉంగరాన్ని వదిలి, చూసేవారి ముఖం ఎదుట ఉన్న రాతి మీదికి వచ్చింది. ఆ శాసనం ఆమెను మఠానికి తల్లిగా చెప్పి, బైబిలు కథలో దీపాల్లో నూనె సిద్ధం చేసుకున్న బుద్ధిగల కన్యల వలె క్రీస్తుకు ఎదురేగమని ఆమె తన బిడ్డలను ప్రోత్సహించిందని అంటుంది. ఆ బిడ్డలంటే అక్కడి సన్యాసినులే. చనిపోయినవారి కోసం ప్రార్థించడం, పుణ్యపురుషుల సమాధులను దర్శించుకోవడం బలపడిన 7వ శతాబ్దంలోనే, శవంతోపాటు వస్తువులు పెట్టే అలవాటు క్రమంగా తగ్గిపోయింది. చెక్కడానికి అసలు కారణం అదేనని నా అభిప్రాయం.

రెండవ జవాబు:

ఆకారం గురించి నాకు తెలిసినంత చెబుతాను. రోమన్ల పేటికలు ఎక్కువగా దీర్ఘచతురస్రాకారంలో ఉండేవి. ఫ్రాంకుల కాలానికి భుజాల దగ్గర వెడల్పుగా, పాదాల దగ్గర ఇరుకుగా చేయడం వాడుకలోకి వచ్చింది. అందువల్ల పేటిక మనిషి ఒంటికి సరిపోతుంది, బరువూ తగ్గుతుంది. తల పడమరకు, పాదాలు తూర్పుకు ఉండేలా పడుకోబెట్టేవారు.

పారిస్‌లో మీరు చూసినవి బహుశా రాతివి కాకపోవచ్చు. ఆ ప్రాంతంలో జిప్సం పుష్కలంగా దొరుకుతుంది కాబట్టి, దాన్ని కాల్చి పొడిచేసి, నీళ్లు కలిపి, చెక్క పలకల మధ్య పోసి పేటికలను పోత పోసేవారు. ఈసారి చూసినప్పుడు పక్క గోడల మీద చెయ్యి పెట్టకుండా కాస్త వంగి చూడండి, పలకల అంచుల గుర్తులు అడ్డంగా కనిపిస్తాయి. తలవైపు పలకలో ముందే శిలువనో వృత్తాన్నో లోతుగా తొలిచి ఉంచితే, పోతలో అది ఉబ్బెత్తుగా వచ్చేది. రాతిపనివాడు లేకుండానే అలంకరణ అమరేది. పాత పేటికను తెరిచి, లోపలి ఎముకలను పక్కకు నెట్టి, కొత్తగా చనిపోయినవారిని పెట్టడం కూడా మామూలే. దోచుకోవడానికి తవ్వడం మాత్రం వేరే సంగతి. పూడ్చిన శవాన్ని తవ్వి దోచినవాడు, మృతుని బంధువులను సమాధానపరిచేదాకా వెలిగా ఉండాలని, వాడికి అన్నం పెట్టినా ఆశ్రయమిచ్చినా, అది సొంత భార్య అయినా సరే, జరిమానా కట్టాలని ఫ్రాంకుల సాలిక్ చట్టం శాసించింది.

మూడవ జవాబు:

మొదటి జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, రాతి శిల్పమంతా మఠాల నుంచే వచ్చిందన్న భావన కలగకూడదు. జర్మనీలోని బాన్ మ్యూజియంలో నీడర్‌డోలెండోర్ఫ్ రాయి ఉంది. 1901లో దొరికిన 7వ శతాబ్దపు చిన్న సమాధి రాయి అది. ఒక వైపు ఆయుధం ధరించిన మనిషి, చుట్టూ పాములు మెలికలు తిరుగుతుండగా, ఒక చేత్తో జుట్టు దువ్వుకుంటున్నాడు. మరో వైపు ఈటె పట్టుకుని, తల చుట్టూ కిరణాలున్న మూర్తి. అది క్రీస్తా, పాత దేవుడా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు.

మఠాలకు చెందినవాటిలో నా మనసుకు బాగా దగ్గరైనది ఫ్రాన్స్‌లోని ప్వాటియేలో మెల్లెబౌద్ అనే మఠాధిపతి కట్టించుకున్న భూగర్భ సమాధి మందిరం. 1878లో కమీ ద లా క్రువా అనే మతగురువు దాన్ని వెలికితీశారు. లోపలికి దిగే మెట్ల మీద చేపలు, అల్లుకున్న పాములు, తీగలు ఉన్నాయి. అక్కడి ఒక శాసనం, అంతం దగ్గరపడుతోంది కనుక రోజురోజుకూ అన్నీ చెడిపోతున్నాయని చెబుతుంది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. అజిల్బర్ట్ పేటిక తలవైపు పలకను నేను సరిగా చూడలేదు. నలుగురు సువార్తికుల చిహ్నాల నడుమ మరో క్రీస్తు శిల్పం ఆ వైపు ఉందని ఇంటికి వచ్చి ఫోటోలు చూసుకున్నాక తెలిసింది. మళ్లీ వెళ్లినప్పుడు అక్కడే మొదలుపెడతాను.