విమాన దూరం నుంచి రోడ్డు దూరాన్ని అంచనా వేయడం ఎలా?

రెండు నగరాల అక్షాంశ రేఖాంశాలు ఇస్తే విమానంలోనూ రోడ్డు మీదా దూరం, ప్రయాణ సమయం చెప్పే ఎక్సెల్ పట్టిక తయారు చేస్తున్నాను. ఇది ఇంటర్నెట్ లేనిచోట పనిచేయాలి కాబట్టి మ్యాప్ సేవలను అడిగే వీలు లేదు.

విమానం సంగతి తేలిపోయింది. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లుగా తీసుకుని, గోళం మీద రెండు బిందువుల మధ్య అతి తక్కువ దూరాన్ని ఇచ్చే హావర్‌సైన్ సూత్రం వాడాను. వచ్చిన దూరాన్ని గంటకు 850 కిలోమీటర్ల వేగంతో భాగించి, విమానం పైకి లేవడానికి, కిందికి దిగడానికి అరగంట కలిపితే సమయం నమ్మదగినట్టే వస్తోంది.

చిక్కంతా రోడ్డుతోనే. విమాన దూరాన్ని 1.3తో గుణిస్తున్నాను. మైదానాల్లో పరవాలేదు. కానీ చిలీలోని శాంటియాగో, అర్జెంటీనాలోని మెండోజాల మధ్య నేరుగా సుమారు 180 కిలోమీటర్లే, రోడ్డు మీద 350 దాటుతుంది, మధ్యలో ఆండీస్ పర్వతాలు ఉన్నాయి మరి. ఫిన్లాండ్‌లోని హెల్సింకి, ఎస్టోనియాలోని తాలిన్ మధ్య ఇంకా ఘోరం: సముద్రం మీదుగా 80, తీరం చుట్టి రోడ్డు మీద వెళితే 700కు పైనే! దూరమే తప్పితే సమయం ఎలాగూ తప్పుతుంది.

రెండు నగరాల ఎత్తుల తేడాను బట్టి గుణకాన్ని పెంచి చూశాను, ప్రయోజనం లేదు. శాంటియాగో, మెండోజా రెండూ వెయ్యి మీటర్ల లోపే, వాటి మధ్య కనుమ మాత్రం 3,000 మీటర్లకు పైన. గుణకాన్ని 1.5 చేస్తే మైదానాల లెక్క పాడైంది.

మధ్యలో ఉన్న కొండలను, నీటిని బట్టి గుణకం మారాలంటే, పట్టికలో అదనంగా ఏ సమాచారాన్ని చేర్చాలి?