చర్చ: ఆయిల్, గాలి, కూలెంట్ – పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా. ఏ రీడింగ్ నమ్మాలి?

కొత్త_స్టీరింగ్:
బోనెట్ ఎత్తి చూసుకోవడం ఈమధ్యే మొదలుపెట్టాను. పొద్దున డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) మీద ఆయిల్ పై గీతకు కాస్త కింద ఉంటుంది. నడిపి వచ్చి వెంటనే చూస్తే సగానికి దిగుతుంది. నాలుగు టైర్లలోనూ గాలి ఇంటి దగ్గర 32, బంకు చేరేసరికి 35. కూలెంట్ డబ్బాలోనూ లెవెల్ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఇందులో ఏది లెక్కలోకి తీసుకోవాలి? పెట్రోల్ కారు, మాన్యువల్ గేరు, టర్బో లేదు.

పానా14:
బండిలో లోపమేమీ లేదండీ, చూసే వేళల్లోనే ఉంది తేడా. ఇంజిన్ ఆపిన మరుక్షణం ఆయిల్ అంతా కింద సంపులో, అంటే ఇంజిన్ అడుగున ఉండే తొట్టిలో ఉండదు. హెడ్‌లో, ఫిల్టర్‌లో, సన్నటి దారుల్లో ఇంకా ఉంటుంది. అదంతా కిందికి కారడానికి 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. అందుకే వెంటనే చూస్తే తక్కువ, రాత్రంతా ఆగిన బండిలో ఎక్కువ.

ముందు చదునైన నేల చూసుకోండి, చక్రాలు ఒక పక్క కాస్త ఎత్తు మీదున్నా లెక్క తప్పుతుంది. వేడెక్కిన ఇంజిన్ ఆపి 10 నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ లాగి, పోగులు రాలని గుడ్డతో తుడవండి. ఈ మొదటి చూపు లెక్కలోకి రాదు, గొట్టం గోడలకు అంటిన ఆయిల్ పుల్లంతా పూసుకుని వస్తుంది. మళ్లీ చివరిదాకా దించి లాగండి. పుల్లను అడ్డంగా పట్టుకోవాలి. మొన పైకెత్తారా, ఆయిల్ వెనక్కి జారి ఎక్కువ ఉన్నట్టు కనబడుతుంది. రెండు వైపులా చూసి, ఏ వైపు తక్కువ ఉంటే అదే నమ్మండి.

చాలా కార్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య సుమారు 1 లీటరు. సరిగ్గా చూసినప్పుడు కూడా సగంలో ఉంటే ఓ అర లీటరు పడుతుందన్నమాట. అదీ ఒక్కసారే పోయకండి. 200 మిల్లీలీటర్లు పోసి, ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ చూసి పోయండి. పై గీత దాటితే ఏమవుతుందిలే అనుకోవద్దు. బాగా ఎక్కువైతే ఇంజిన్ అడుగున తిరిగే క్రాంక్‌షాఫ్ట్ ఆ ఆయిల్‌ను కవ్వంలా చిలుకుతుంది. నురగ కట్టిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. కొంత బ్రీదర్ గొట్టం గుండా ఇన్‌టేక్‌లోకి పోయి నీలం పొగగా బయటికొస్తుంది.

రెండో_గేరు:
చిన్న సవరణ. వేడి మీద చూడాలా, చల్లగా చూడాలా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. బండితో వచ్చిన పుస్తకంలో ఏది రాస్తే అదే. ఏదైనా ప్రతిసారీ ఒకేలా చూడండి, ఒకేచోట నిలిపి చూడండి. అప్పుడే వెయ్యి కిలోమీటర్లకు ఇంజిన్ ఎంత ఆయిల్ తాగుతోందో తెలుస్తుంది. కొన్ని కొత్త కార్లలో అసలు డిప్‌స్టిక్కే లేదు, లెవెల్ స్క్రీన్ మీదే చూసుకోవాలి.

నల్లనూనె:
డీజిల్ వాళ్ల కోసం రెండు మాటలు. కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడితే భయపడొద్దు, మసిని తనలో పట్టి ఉంచడం దాని పనే. రంగు చూసి ఆయిల్ మార్చరు. కిలోమీటర్లు, నెలలు – ఏది ముందొస్తే దాన్ని బట్టి మారుస్తారు.

ఉలిక్కిపడాల్సింది లెవెల్ పెరిగినప్పుడు. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న డీజిల్ కారును ఎప్పుడూ చిన్న చిన్న దూరాలే తిప్పితే, ఆ ఫిల్టర్‌లోని మసి పూర్తిగా కాలకముందే ఇంజిన్ ఆపేస్తాం. మసి కాల్చడానికని అదనంగా చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీదుగా సంపులోకి జారుతుంది. ఆయిల్ పోయకపోయినా పుల్ల మీద లెవెల్ ఎక్కిపోతుంది. వాసన చూడండి. డీజిల్ కంపు కొట్టి, పై గీత దాటి ఉంటే, కొంచెం తీసేసి సరిపెట్టుకోవడం కాదు, ఆయిల్ మొత్తం మార్చాల్సిందే.

ఇంకోటి, డ్యాష్‌బోర్డ్ మీద ఎర్రగా వెలిగే ఆయిల్ దీపం చాలా బండ్లలో లెవెల్‌ది కాదు, ప్రెజర్‌ది. నడుస్తుండగా అది వెలిగిందంటే ఇంటికెళ్లి చూద్దామనే బేరం లేదు. పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపేయాలి.

కొత్త_స్టీరింగ్:
ఆయిల్ నింపే మూత తీస్తే లోపలివైపు మీగడలా లేత గోధుమరంగు పూత ఉంది. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్‌లో ఆయిల్, కూలెంట్ కలవకుండా ఆపే సీలు) పోయిందంటారా?

నల్లనూనె:
అది ఒక్కటే చూసి చెప్పలేం. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండా ఆపేస్తుంటే లోపలి ఆవిరి మూత దగ్గర చల్లబడి ఆయిల్‌తో కలిసి అలా అవుతుంది, చలికాలంలో మరీను. తుడిచేసి, అరగంట పైన ఏకబిగిన నడిపి చూడండి. పుల్ల మీది ఆయిల్ కూడా అలాగే ఉండి, కూలెంట్ తగ్గుతూ, వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్ల పొగ ఆగకపోతే, అప్పుడు బండి కదపకుండా మెకానిక్‌ను పిలవండి.

కొత్త_స్టీరింగ్:
సరే. గాలి సంగతి? డ్రైవర్ డోరు తీస్తే స్టిక్కర్ మీద ముందు 32, వెనక 30 అని ఉంది. టైరు మీదేమో 51 అని అచ్చు వేసి ఉంది.

డిక్కీలో_పంపు:
ఆ 51 టైరు తట్టుకునే గరిష్ఠం. మీ బండికి కొట్టాల్సింది కాదు, దాన్ని మర్చిపోండి. స్టిక్కర్ మీదున్నది చల్లటి టైరు లెక్క, అంటే బండి ఆగి కనీసం 3 గంటలు అయ్యాక. నడిస్తే టైరు వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచిస్తుంది, 3 నుంచి 5 పీఎస్ఐ పెరగడం మామూలే. మీ 32 కాస్తా 35 అయింది అందుకే. ఎక్కువైందని అక్కడే తీసేశారనుకోండి, మర్నాడు పొద్దున 29 ఉంటుంది.

పంపు దూరంగా ఉంటే ఇలా చేయండి. ఇంట్లో చల్లగా ఉన్నప్పుడు చూసి రాసుకోండి. ముందు టైరులో 28 ఉంది, కావాల్సింది 32, అంటే 4 తక్కువ. పంపు దగ్గర వేడి మీద 31 చూపిస్తే 35 దాకా కొట్టండి. అక్కడి అంకె ఎంతైనా పర్వాలేదు, లోటు 4 పూడిస్తే చాలు. గేజి గేజికీ ఒకటి రెండు తేడా కూడా ఉంటుంది కాబట్టి సొంత గేజి ఒకటి డిక్కీలో ఉంచుకుని ఎప్పుడూ దాన్నే నమ్మండి.

వాతావరణం 5–6 డిగ్రీలు చల్లబడితే దాదాపు 1 పీఎస్ఐ తగ్గుతుంది. చలి మొదలైన వారం అన్ని బండ్లలోనూ టైరు దీపం వెలిగేది అందుకే.

రెండో_గేరు:
నైట్రోజన్ కొట్టిస్తే ఈ తిప్పలు ఉండవంటారు కదా?

డిక్కీలో_పంపు:
మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. వేడికి అదీ పెరుగుతుంది, ఇదీ పెరుగుతుంది. నెలకోసారి గేజి పెట్టి చూసే వాళ్లకు దాంతో ఒరిగేదేమీ లేదు.

గాలి చూసేటప్పుడు అరచేత్తో ట్రెడ్ కూడా తడమండి. నడుమ అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే తక్కువ. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ చూపించాలి. గాడిలో అడుగున అడ్డంగా చిన్న గట్టులుంటాయి, 1.6 మిల్లీమీటర్ల ఎత్తు. ట్రెడ్ వాటితో సమానమైందంటే టైరు పని అయిపోయినట్టే, కానీ తడి రోడ్ల మీద అంతవరకూ ఆగడం నాకు నచ్చదు. టైరు వయసు కావాలంటే పక్కగోడ మీద ‘డాట్’ అక్షరాల వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి: 2319 ఉంటే 2019లో 23వ వారం.

స్టెప్నీని అందరూ మరిచిపోతారు. సన్నటి రకమైతే దానికి సాధారణంగా 60 పీఎస్ఐ కావాలి, వేగం గంటకు 80 దాటకూడదు.

పానా14:
కూలెంట్ గురించి ఎవరూ చెప్పలేదు. డబ్బా మీద గీతలు చల్లటి ఇంజిన్‌కు. వేడికి పొంగి పైకెక్కుతుంది, చల్లారితే దిగుతుంది. పొద్దునే చూడండి, రెండు గీతల మధ్య ఉంటే చాలు. వారం వారం పొద్దున రీడింగే దిగుతూ పోతుంటే లీకు వెతకాలి. వాటర్ పంపు కిందా, గొట్టాల క్లిప్పుల దగ్గరా ఎండిన రంగు మరకలుంటాయి. కారు లోపల కాళ్ల దగ్గర తడి, తియ్యటి వాసన, అద్దం లోపలివైపు జిడ్డు ఆవిరి వస్తే హీటర్ కోర్ (కారు లోపలికి వేడిగాలినిచ్చే భాగం) మీద అనుమానం.

వేడి మీద మూత తిప్పొద్దు, గుడ్డ వేసి కూడా వద్దు. లోపల ఒత్తిడి ఉండబట్టే 100 డిగ్రీలు దాటినా అది మరగకుండా ఉంటుంది. మూత వదులైన క్షణంలో ఒత్తిడి పోతుంది, ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీతకు ఎక్కుతుంటే ఏసీ ఆపి, హీటరు వేడి మొత్తానికి తిప్పి, ఫ్యాన్ పూర్తిగా పెట్టండి. లోపల ఉడికిపోతాం, కానీ అదీ చిన్న రేడియేటరే కదా. పక్కకు తీసి ఆపేశాక అరగంటకు తక్కువ కాకుండా ఆగండి.

టిక్‌టిక్_సెల్ఫ్:
కూలెంట్ రంగు చూసి కలపొద్దు. ఆకుపచ్చ ఇదీ గులాబీ అదీ అని అన్ని కంపెనీలకూ వర్తించే నియమం లేదు. పొసగని రకాలు కలిస్తే తుప్పు ఆపే గుణం తగ్గుతుంది, కొన్నిసార్లు జిగురు కడుతుంది. డబ్బా మీది స్పెసిఫికేషన్‌ను పుస్తకంతో పోల్చుకోండి. చిక్కటిదైతే డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం. కుళాయి నీళ్లు దారిలో అత్యవసరానికి సరే, తర్వాత మార్పించాలి, లేదంటే రేడియేటర్‌లో గార పడుతుంది. ఒలికితే వెంటనే కడిగేయండి. అది తియ్యగా ఉండే విషం, కుక్కలూ పిల్లులూ నాకుతాయి.

కొత్త_స్టీరింగ్:
బ్యాటరీకి కూడా ఇలా చూసే వేళ ఉంటుందా? బండి ఆపిన వెంటనే మీటరు పెడితే 12.9 వోల్టులు వచ్చింది. పొద్దున మాత్రం సెల్ఫ్ ఈడుస్తూ తిరుగుతోంది.

టిక్‌టిక్_సెల్ఫ్:
ఆ 12.9 పైపై చార్జ్. రాత్రంతా ఆగాక, డోర్లు తీయకముందు చూడండి, లేదా హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి, ఆపి, కాసేపు ఆగి చూడండి. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీకి 12.6 అంటే నిండా ఉన్నట్టు, 12.4 దాదాపు ముప్పావు, 12.2 సగం. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 రావాలి. కొత్త బండ్లలో బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను కంప్యూటరే పెంచి తగ్గిస్తుంది, అక్కడ ఈ లెక్క కాస్త అటూ ఇటూ. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి పడితే బ్యాటరీ నీరసించినట్టే. కానీ కొత్తది కొనేముందు టెర్మినల్స్ చూడండి. తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి బ్రష్‌తో రుద్దండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర.

జంప్ స్టార్ట్‌లో చాలామంది చివరి క్లిప్ దగ్గరే తప్పు చేస్తారు. రెండు బండ్లూ ఆపి ఉండాలి, ఒకదానికొకటి తగలకూడదు. ఎర్ర వైరు ముందు మీ ప్లస్‌కు, తర్వాత సాయం చేసే బండి ప్లస్‌కు. నల్లది వాళ్ల మైనస్‌కు. మిగిలిన నల్ల క్లిప్ మీ బ్యాటరీ మైనస్‌కు కాదు, దూరంగా ఇంజిన్ మీద రంగు వేయని గట్టి లోహానికి. చివరి క్లిప్ తగిలినప్పుడు నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉండొచ్చు, అందుకు. వాళ్ల ఇంజిన్ మూడు నాలుగు నిమిషాలు నడిచాక మీరు సెల్ఫ్ కొట్టండి. తీసేటప్పుడు ఇదే వరస తిరగేసి. పుస్తకంలో ప్రత్యేకంగా జంప్ పాయింట్ చూపిస్తే అదే వాడండి.

రెండో_గేరు:
ఇదే వరసలో బ్రేక్ ఆయిల్. అది తగ్గిందని వెంటనే పోసేయకండి. ప్యాడ్లు అరిగిన కొద్దీ వాటిని నొక్కే కాలిపర్ పిస్టన్లు బయటికి జరుగుతాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ వెళ్తుంది, డబ్బాలో లెవెల్ మెల్లగా దిగుతుంది. అంటే ముందు ప్యాడ్లు చూడాలి. మీరు పై గీత దాకా నింపి, తర్వాత కొత్త ప్యాడ్లు వేస్తే, పిస్టన్లు వెనక్కి నొక్కగానే డబ్బా పొంగి రంగు మీద పడుతుంది, రంగు లేచిపోతుంది. మెల్లగా కాకుండా రెండు మూడు రోజుల్లో దిగితే అది లీకు, బండి తీయొద్దు.

లెవెల్ సరిగ్గా ఉన్నా రెండేళ్లకోసారి మార్చడం మంచిది, ఎందుకంటే గాలిలో తేమను పీలుస్తుంది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చిన దానికి ప్రమాణం 155కు దిగుతుంది. పెద్ద ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తబడి లోపలికి పోయేది వేడికి ఆయిల్ మరిగి లేచే ఆవిరి బుడగల వల్లే.

కొత్త_స్టీరింగ్:
ఇప్పుడర్థమైంది. అంటే ముందు టైర్లు సరిగ్గానే ఉన్నాయి, వెనక రెండింట్లో 2 ఎక్కువ. పొద్దున తీసేయనా?

డిక్కీలో_పంపు:
తీయొచ్చు. ముందు స్టిక్కర్ మీద పూర్తి లోడుకు వేరే అంకె ఉందేమో చూడండి. వెనక సీటు నిండా మనుషులు, డిక్కీలో సామాను ఉండే రోజులకు అది వర్తిస్తుంది. మామూలు రోజులకైతే 30 చాలు. వాల్వు మధ్య పుల్లను గేజి వెనక మొనతో క్షణం సేపు నొక్కి వదలండి, మళ్లీ చూడండి, ఇలా కొంచెం కొంచెంగా. అయ్యాక వాల్వు మీద సబ్బునీళ్లు ఒక చుక్క వేయండి. బుడగ లేస్తే పుల్ల సరిగ్గా కూర్చోలేదన్నమాట, మరోసారి నొక్కి వదిలితే చాలాసార్లు సర్దుకుంటుంది. లేవకపోతే మూత పెట్టేయండి.