బాపుకు షుగర్, రేషన్‌లో అన్నీ బియ్యమే: మీ ఇంట్లో ఎట్లా నడుపుతున్నారు?

పరకాల_బిడ్డ
బాపుకు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 9.2 వచ్చింది. అన్నం తగ్గించి జొన్నలు తినమన్నారు. రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తుంది, జొన్నలు మాత్రం కొనాలి. ఇంట్లో ఒక్కరికే వేరే వంట ఎట్లా? హన్మకొండలో జొన్నలు ఎక్కడ అగ్గువకు దొరుకుతాయి?

కాజీపేట_అక్క
చెల్లే, ముందు ఇది విను. మా అమ్మ ఎవరో చెప్పారని రాత్రి అన్నం మానేసి, షుగర్ గోలీ మాత్రం వేసుకుంది. తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు, వణుకు. మీటర్‌లో చూస్తే షుగర్ 48కి పడిపోయింది! మింగగలుగుతోంది కాబట్టి చక్కెర నీళ్లు తాగించాం. తిండి తగ్గిస్తే గోలీ సంగతి కూడా డాక్టర్‌ను అడగాలి.

జమ్మికుంట_రైతు
అన్నం మానుడెందుకు? తెలంగాణ సోనా తినండి, ఆర్ఎన్ఆర్ 15048. రాజేంద్రనగర్‌లో మన వ్యవసాయ యూనివర్సిటీ తెచ్చిన రకం. గ్లైసెమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక షుగర్ ఎంత తొందరగా పెరుగుతుందో చెప్పే లెక్క, 55 లోపే. మా ఇంట్లో అదే.

డైట్_వరంగల్
14 ఏళ్లుగా షుగర్ పేషెంట్లకు తిండి గురించి చెబుతున్నాను. షుగర్ ఫ్రీ బియ్యం అంటూ ఏదీ లేదు. ఈ మాట నమ్మి రెండింతలు తిని వచ్చినవాళ్లను చూశాను.

జమ్మికుంట_రైతు
షుగర్ ఫ్రీ అని నేనెక్కడ అన్నాను? లేని మాట అంటగట్టకండి. పండించేవాడికి ఏం తెలుసులే అనుకుంటున్నారా?

డైట్_వరంగల్
కోపమెందుకన్నా? జొన్నలకూ అదే మాట. 100 గ్రాముల బియ్యంలో 78 గ్రాములు పిండిపదార్థమైతే జొన్నల్లోనూ 70 దాకా ఉంటుంది. తేడా అంతా పీచుది: జొన్నల్లో 10 గ్రాములు, పాలిష్ బియ్యంలో 3 లోపే. ఆరు రొట్టెలు తింటే జొన్నలు కూడా కాపాడవు.

నర్సంపేట_లక్ష్మి
మా ఆయనకు షుగర్‌తో కిడ్నీ దెబ్బతిన్నది. పొటాషియం ఎక్కువుందని ఆకుకూర ఉడికించి నీళ్లు పారబోయమన్నారు. తొక్కులు బంద్. ఇంకేం వండుతున్నారో డయాలసిస్ ఇళ్లవాళ్లు చెప్పండి.

మంచిర్యాల_సార్
మా చిన్నప్పుడు పొద్దున జొన్న గటక (సంకటి లాంటిది), రాత్రి గటక. ఊర్లో షుగర్ మాటే లేదు.

కాజీపేట_అక్క
సార్, అప్పుడు పరీక్ష చేసిందెవరు? పైగా పొద్దంతా పొలంలో పని. ఇప్పుడు గటక తిని టీవీ ముందు కూర్చుంటే అదే ఫలితం వస్తుందా?

పరకాల_బిడ్డ
జొన్నల ధర ఎవరూ చెప్పలేదు. సరే, ఇంకో మాట. బాపుకు పళ్లు లేవు, రొట్టె నమలలేడు. గటకకు పిండి పట్టించాలా, రవ్వనా?

మంచిర్యాల_సార్
రవ్వే పట్టించు బిడ్డా. మెత్తటి పిండి అయితే షుగర్ తొందరగా ఎక్కుతుంది. రాత్రి నానబెట్టి, పొద్దున ఉడికించి, మజ్జిగ పోసివ్వు. ఒక్క గిన్నెతో ఆపు. తిన్న రెండు గంటలకు మీటర్‌లో ఎంత వచ్చిందో ఇక్కడ రాయి.