రెండుసార్లు న్యుమోనియా, అయినా "మామూలే" అంటున్నారు

ప్రశ్న: మా బాబుకి మూడేళ్లు. ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా, చెవిలో చీము అయితే లెక్కే లేదు, పొద్దున్నే దిండు మీద పసుపు మరక కనిపిస్తే మళ్లీ టెన్షన్ మొదలు. డాక్టర్ యాంటీబయాటిక్ రాసి "పిల్లలకి మామూలే" అంటారు. ఇమ్యూనిటీ లోపమేమో అని ఎలా అడగాలి?

జవాబు: ఏడాదిలో 2 న్యుమోనియాలంటే అది హెచ్చరికే. సీబీసీ (రక్తకణాల లెక్క), ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం (రక్తంలో యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చూసేవి) పరీక్షలు రాయమని సూటిగా అడగండి. తేదీలు, మందులు ఒకే కాగితం మీద రాసుకెళ్లండి, ఏ జబ్బుకాజబ్బు విడిగా చూస్తే ఎంత మంచి డాక్టరుకైనా అనుమానం రాదు.

జవాబు: మా పాప పాత రిపోర్టులో లింఫోసైట్లు (ఇన్ఫెక్షన్లతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) తక్కువని ఉంది, ఎవరూ పట్టించుకోలేదు! ఐజీజీని వయసు ప్రకారం చూడాలి, పెద్దవాళ్ల లెక్కతో కాదు. విషయం తేలేదాకా లైవ్ వ్యాక్సిన్లు (బలహీనం చేసిన బతికున్న క్రిములతో చేసే టీకాలు) వేయించొచ్చా అని ముందే అడగండి.

ప్రశ్న అడిగినవారు: కాగితం రాయడం మొదలుపెట్టా, అప్పుడే రెండో పేజీలోకి వచ్చేశా.